ఏడో వరసలో దుబ్బు

ఏడో వరసలో, చీమల పుట్ట పక్కన, మళ్ళీ అదే చోట అదే తెగులు. నసాంబు పార కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

మూడు వారాల కింద ఇక్కడున్న చెరకు దుబ్బును ఆమే తవ్వి తీసింది. మోకాలి లోతు తవ్వి, వేళ్ళతో మట్టి చిదిమి, కన్ను అన్నది ఒక్కటి కూడా మిగలకుండా ఏరి, ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద కూడా గుంటలో పోసింది. ఇప్పుడు ఆ గుంటలోంచి జానెడు పిలక ఒకటి లేచి నిలబడింది. లేత ఆకుల పచ్చదనంలో పాలిపోయిన చారలు, ఎవరో బ్రష్షుతో సగం సగం సున్నం పూసినట్టు. దాని చుట్టూ ఉన్న నాలుగు దుబ్బుల్లో రెండింటికి మొవ్వులో అవే చారలు మొదలయ్యాయి.

"నీకు సిగ్గనేది ఉందా?" అని అడిగింది ఆ పిలకని.

ఆకు తిప్పి చూస్తే వెనకవైపు పేనుబంక గుంపుగా కూర్చుని ఉంది. ఆవగింజలో సగం లేని పురుగులు. వాటి వెనక తేనెబంక కోసం చీమలు. నసాంబు వేలితో ఒక్క గీత గీసి వాటిని నలిపేసింది. నలిపితే ఏం లాభమో ఆమెకే తెలియదు, కానీ ఒళ్ళు మండిపోతుంటే ఏదో ఒకటి నలపాలి కదా.

అది మామూలు తోట కాదు, విత్తన తోట. న్జోయా నది ఇవతల పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘానికి ఆమె ఒక్కర్తే విత్తనం ఇవ్వాలి. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన చెరకు ముక్కలు, ఆ ముచ్చెలే, నాటి నాటి, ఏటికేడాది గిడసబారిన చెరకు కొట్టి కొట్టి, అందరి ప్రాణం విసిగిపోయింది. ఈసారి పాత దుబ్బులన్నీ పీకేసి, పొలాలు దున్ని, నసాంబు తోట ముదిరి తెగులు లేదని చీటీ వచ్చేదాకా ఆగుదాం అనుకున్నారు. దున్నిన పొలాలు పన్నెండూ ఆమె వైపే చూస్తున్నాయి. నెలకోసారి చొప్పున మూడు తనిఖీలు. మూడోదాంట్లో నూటికి రెండు దుబ్బులకు మించి తెగులు కనపడితే తోట మొత్తం తవ్వి పారెయ్యాలి. రెండు అయిపోయాయి. మూడోది ఇంకో తొమ్మిది రోజుల్లో.

రెండో తనిఖీలోనే ఆమెకు తలకొట్టేసినంత పనయింది. తనిఖీకి వచ్చే వసికే అనే కుర్రాడు మోటారు సైకిలు మీద వస్తాడు, మెడలో చిన్న భూతద్దం, చేతిలో నొక్కుతూ లెక్కపెట్టే డబ్బీ. మంచివాడే, కానీ లెక్క దగ్గర రాయి. మొదటిసారి తొమ్మిది తెగులు దుబ్బులు చూపించి తవ్వించాడు. రెండోసారి ఆ తొమ్మిది చోట్లా చిన్న పిలకలు, వాటికీ చారలు.

"అమ్మా, పైన కోసి వేరు వదిలేశారు మీరు," అన్నాడు.

"మా ఆయన సమాధి మీద ఒట్టు, నాయనా. గుంటలోకి దిగి తవ్వాను. నా నడుం చూడు, ఇంకా ఇలాగే ఉంది."

"మరి మొక్క దానంతటది లేచి నడిచొచ్చిందా?"

"అదే నిన్నడుగుతున్నా. చదువుకున్నవాడివి నువ్వు."

వసికే భూతద్దంలోంచి ఆకు చూశాడు. "ఈ పురుగుతోనే వచ్చింది చిక్కంతా. ఊరికే సూది గుచ్చి రుచి చూస్తుంది. నచ్చకపోతే లేచి పక్కాకు మీద వాలుతుంది. తెగులు ఆకు మీద కూర్చుని లేచిందంటే దాని మూతికి తెగులు అంటుకున్నట్టే. తర్వాత వాలిన ఇంట్లో దించేస్తుంది."

"అయితే మందు కొడతా."

"కొడితే చస్తుంది, కాదనను. చచ్చేలోపు కంగారుపడి ఇంకో పదిళ్ళు తిరిగొస్తుంది. మందుతో లాభం లేదమ్మా. తెగులు దుబ్బు లేకుండా చూసుకోవడమే."

"మా ఆడపడుచు లాంటిది అన్నమాట," అంది నసాంబు. "తిట్టి పంపితే ఊరంతా చెప్పొస్తుంది."

వసికే నవ్వలేదు. గట్టు అవతలి పొలం వైపు చూసి పెదవి విరిచాడు. అక్కడ చెరకులో అంతరపంటగా మొక్కజొన్న ఉంది, దాని పొత్తుల మీద బంక నల్లగా మెరుస్తోంది, చెరకు నిండా చారలు. "ఆ రైతుతో మాట్లాడుకోండి. ఆ పొలం అలా ఉండగా మీ తోట బాగుపడదు," అనేసి బండెక్కాడు.

మాట్లాడుకోండట. ఎంత తేలిగ్గా అనేశాడు! ఆ పొలం కౌలుకు చేస్తున్నవాడు సితాటి, ఆమె ఒక్కగానొక్క అల్లుడు.

వాళ్ళ బుకుసు తెగలో అత్తా అల్లుడూ మొహం మొహం చూసుకోకూడదు, ఒకే చూరు కింద ఉండకూడదు, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకూడదు. అల్లుడు గొర్రెనీ అత్త దుప్పటినీ తెచ్చి, పెద్దల ముందు చేతులు కలిపితేనే ఆ ముడి వీడుతుంది. కూతురు నెలిమా పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఆ పని జరిపించాల్సిన సితాటి పెదనాన్న నైరోబీలో కాపలా పని చేస్తూ, వచ్చే సెలవుల్లో, ఆ పై సెలవుల్లో అంటూ తిప్పుతూనే ఉన్నాడు. ఈలోపు అల్లుడు దారిలో ఎదురుపడితే నసాంబు మొహం మీద కంగా గుడ్డ లాక్కుని ముళ్ళపొదలో అయినా సరే దూరాలి. అతను ఆమెను ముందు చూస్తే సైకిలు వదిలేసి పక్క కాలవలో దిగేవాడు. అంత మర్యాదస్తుడు. ఆ మర్యాద చూసి ఊరంతా మెచ్చుకునేది.

ఇలాంటి పిల్లవాడికి ఆమె నేరుగా ఎలా చెప్పాలి? కూతురితో చెప్పించింది. అది కూడా సగమే.

"ఆ మొక్కజొన్న తీసెయ్యమని చెప్పు. పురుగు ఇటొస్తోందని చెప్పు. నా తోటకి తెగులొచ్చిందని మాత్రం నోరు జారకు."

"ఎందుకమ్మా? చెబితే తప్పేంటి?" అంది నెలిమా.

"అత్త సిగ్గు అల్లుడి చెవిన పడకూడదే. విత్తనమిచ్చే దాని తోటకే రోగం అని తెలిస్తే రేపు వాళ్ళ అమ్మకి తెలుస్తుంది, ఎల్లుండి సంతలో తెలుస్తుంది."

నెలిమా మొక్కజొన్న సంగతి చెప్పింది. సితాటి ఆ మర్నాడే, అత్త మాట కదా అని, పచ్చి పైరును మొదలంటా నరికి గట్టు మీద కుప్పేశాడు. ఎంత వినయం! నరికిన మొక్క వాడిపోయేసరికి దాని మీదున్న పేనుబంకకు రెక్కలొచ్చి, ఇల్లు పోయిన జనం లాగా లేచి, పక్కనే ఉన్న పచ్చటి తోట మీద పడింది. ఆ పక్క పచ్చటి తోట ఎవరిదో చెప్పక్కర్లేదు. నసాంబు ఆ సాయంత్రం ఉగాలి సంకటి గిన్నె ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా, గోడతో మాట్లాడింది. గోడ ఎంత మంచిదో, ఏం చెప్పినా నరకదు, పీకదు.

అయినా ఏడో వరస గుంట సంగతి ఆమె బుర్రకు అందలేదు. పురుగు గట్టు అవతల నుంచి వస్తే గట్టు పక్క వరసలకు ముందు తెగులు రావాలి. అక్కడ కొంచెమే ఉంది. నడి తోటలో, సరిగ్గా ఆమె తవ్విన గుంటల చుట్టూనే, వలయంలా అంటుకుంది. పైగా కాల్చి బూడిద చేసిన దుబ్బు మళ్ళీ ఎలా మొలుస్తుంది? అంతకు ముందు రోజే తవ్విన గుంట దగ్గరికి ఆమె మళ్ళీ వెళ్ళి చూసింది. మట్టి చదునుగా, అరచేత్తో తట్టినట్టు ఉంది. ఆమె తవ్విన గుంటల్ని ఎప్పుడూ తట్టదు. వేలు పెట్టి కెలికితే మూడు కన్నుల ముచ్చె బయటపడింది, తాజాగా కోసింది.

అప్పుడు ఆమెకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ పురుగు మీద పడ్డ కోపం ఏపాటిది? ఎవరో మనిషి, చేతులున్న మనిషి, ఆమె కొంప ముంచుతున్నాడు.

సోమవారం చ్వేలే సంత. బుట్ట నెత్తిన పెట్టుకుని, దారి పొడుగునా నలుగురికీ వినపడేలా, "సంతకెళ్తున్నా, పొద్దు వాలేదాకా రాను," అని చెబుతూ నడిచింది. చర్చి దగ్గర మలుపు తిరిగాక బుట్ట పొదలో పెట్టి, కాలవ వెంట వంగి వెనక్కొచ్చి, తొమ్మిదో వరసలో చెరకు ఆకుల మధ్య గొంతుక్కూచుంది. యాభై నాలుగేళ్ళ మనిషికి అది కూర్చునే తీరు కాదు. మెడ మీద పేనుబంక పాకుతోంది, ఆకుల అంచులు చెవులు కోస్తున్నాయి. ఎవడొస్తాడో వాడి చెవులు ఇలాగే కోస్తానని మనసులో ఒట్టు పెట్టుకుంది.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చే వేళకి గట్టు దాటి వచ్చాడు సితాటి. భుజాన గోనెసంచి, చేతిలో చిన్న పార. అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న గుంట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సంచిలోంచి ముచ్చె తీసి, కన్ను పక్కకు వచ్చేలా జాగ్రత్తగా పడుకోబెట్టి, మట్టి కప్పి, అరచేత్తో తట్టాడు. పసిపిల్లని జోకొట్టినట్టు తట్టాడు. నోటి వెంట ఏదో చర్చి పాట సన్నగా వస్తోంది.

నసాంబుకు కేక గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. అల్లుడు! ఎలా అరవాలి? మొహం చూపించకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. కళ్ళ ముందే అతను రెండో గుంటకి జరిగాడు, ముచ్చె పెట్టాడు, తట్టాడు. మూడో గుంట. ఆ సంచిలోని ప్రతి ముచ్చె మీదా ఆమెకు చారలే కనపడుతున్నాయి. మట్టిగడ్డ తీసి విసిరింది. అది అతని వీపున పడింది. అతను ఆకాశం వైపు చూసి, పక్షి అనుకున్నాడేమో, మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇక ఆమె వల్ల కాలేదు. కంగా గుడ్డ నెత్తి మీదుగా గడ్డం దాకా లాక్కుని, అతని వైపు వీపు తిప్పి, ఎదురుగా ఉన్న చెరకు గడతో గట్టిగా అంది.

"ఓ చెరకు గడా! నా గుంటల్లో చచ్చిన దుబ్బులు నాటమని ఎవరు చెప్పారే నీ పక్కనున్న వాళ్ళకి?"

పార చప్పుడు ఆగిపోయింది. దబ్బున ఏదో కింద పడింది. పారిపోయాడేమో అనుకుంది. కానీ కాసేపటికి గోనెసంచి లోపల్నుంచి వస్తున్నట్టు, బొంగురుగా ఒక గొంతు వినపడింది. అతనూ సంచి నెత్తిన వేసుకుని వీపు తిప్పేసినట్టున్నాడు.

"ఓ పారా, పెద్దమ్మగారితో చెప్పు. నేను దొంగపని చెయ్యడానికి రాలేదు. తోటలో పళ్ళు ఊడిపోయినట్టు ఖాళీలున్నాయని దారినపోయే వాళ్ళు నవ్వుతున్నారు. అల్లుడు పక్కనే ఉండి ఏం చేస్తున్నాడంటున్నారు. చెప్పి చేస్తే అది సాయం కాదు కదా, అందుకని ఆవిడ లేని రోజు చూసుకుని వచ్చాను."

"చెరకు గడా, ఖాళీలు ఊరికే రాలేదని చెప్పు! నేనే తవ్వానని చెప్పు! తెగులు దుబ్బులని తవ్వి కాల్చానని చెప్పు!"

"తెగులా?" అతని గొంతు పలచబడింది. "పారా, నాకెవరూ తెగులని చెప్పలేదు. ఆ చారలు తీపి ఎక్కువైతే వస్తాయనుకున్నాను."

ఎవరూ చెప్పలేదు. అవును, ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పొద్దని ఆమే చెప్పింది. ఆ మాట తలకెక్కే సరికి నసాంబుకు తన చెవులే కోసుకోవాలనిపించింది.

"చెరకు గడా, ఇలా ఎన్ని నాటాడో అడుగు."

"మొదట తొమ్మిది, పారా. తర్వాత పదకొండు. ఇవాళ నాలుగు పెట్టాను, ఇంకా ఏడు సంచిలో ఉన్నాయి."

"ఆ దిక్కుమాలిన ముచ్చెలు ఎక్కడివో కూడా అడుగు."

ఈసారి జవాబు చాలా మెల్లగా వచ్చింది. "అవి ఆవిడవే. పెళ్ళప్పుడు నెలిమాతో పంపిన కట్టలోవి. అవే నాటి పెంచుకున్నాను. ఆవిడ విత్తనం ఆవిడకే పోతే తప్పేముందనుకున్నాను."

ఆ కట్ట ఆమెకు బాగా గుర్తుంది. కూతురు కొత్తింట్లో నాటుకోవాలని, ఉన్నవాటిలో అందమైనవి ఏరింది. ఆకుల మీద లేత చారలున్నవి చూసి, ఇవి చక్కగా ఉన్నాయని, ప్రత్యేకంగా ఎంచి, అరటి నారతో తనే కట్టింది. ఈ చారల తెగులుకు మొజాయిక్ అని పేరుందని నాలుగేళ్ళ కింద ఆమె వినలేదు. అల్లుడి పొలం నిండా ఉన్నది ఆమె పంపిన రోగమే. పేనుబంక మోసింది ఏపాటిది? కట్ట కట్టి నెత్తిన పెట్టి పంపింది తనే. ఆ పొలమే ఆమె తోటను తినేస్తోంది.

"వెళ్ళమని చెప్పు," అంది చెరకు గడతో. "సంచి ఇక్కడ వదలొద్దని చెప్పు. నడిచేటప్పుడు ఆకులకి రాసుకోకుండా వెళ్ళమని చెప్పు, అమ్మా తల్లీ, నీకు దణ్ణం పెడతా."

అతను వెళ్ళాక రెండు రోజులు తవ్వింది. నాటిన ముచ్చెలు, మొలిచిన పిలకలు, చారలొచ్చిన ప్రతి దుబ్బూ. చేతులు బొబ్బలెక్కాయి.

మూడో తనిఖీ రోజు వసికే ఒక్కొక్క వరసా నడిచి, డబ్బీ నొక్కుతూ, చివరి వరస దాకా వెళ్ళాడు. సంఘం ఆడవాళ్ళు గట్టు మీద వరసగా నిలబడ్డారు. వాళ్ళ పెద్ద ఫెలిస్టా మాటిమాటికీ శిలువ గుర్తు వేసుకుంటోంది.

"నూటికి ఒకటిన్నర," అన్నాడు వసికే తిరిగొచ్చి. "బాగా తవ్వారమ్మా. పాసయింది." సంచిలోంచి ఆకుపచ్చ చీటీ తీశాడు.

ఫెలిస్టా ఈల వేసింది. నసాంబు మాత్రం ఆ చీటీ వైపే చూస్తూ అడిగింది. "నాయనా, పురుగు కుట్టిన దుబ్బుకి చారలు ఎన్నాళ్ళకి బయటపడతాయి?"

"పది రోజులు. ఒక్కోసారి మూడు వారాలు."

"అంటే నిన్న కుట్టినవి ఇవాళ నీకు కనపడవు."

"కనపడవు. కనపడింది లెక్కపెట్టడం వరకే నా పని." కలం మూత తీశాడు.

ఎంత తేలికో! నాలుగు నెలలుగా ఆమె నడుం విరిచింది ఈ గీత కోసమే, ఈ సంతకం కోసమే. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం ఆమెకు నాలుగేళ్ళుగా బాగా అలవాటే కదా.

"రాయకు," అంది.

"ఏంటమ్మా?"

"రాయకంటున్నా. ఇరవై చోట్ల తెగులు పిలకలు వారాల తరబడి ఈ తోట మధ్యలో ఉన్నాయి. చుట్టుపక్కల వాటిని పురుగు ఎంత కుట్టిందో దేవుడికే తెలియాలి. ఇది విత్తనంగా పోతే పన్నెండు ఇళ్ళకి రోగం పోతుంది. ఒకసారి నా చేత్తో కట్ట కట్టి పంపాను. రెండోసారి పంపను."

గట్టు మీద గోల లేచింది. "నీకు పిచ్చా? మేం పొలాలు దున్నుకుని కూర్చున్నాం!" అని ఫెలిస్టా కేకలేసింది. "పాసయింది అంటుంటే నీకేం పోయేకాలం?"

"అరుచుకో, బాగా అరుచుకో. నేనూ అదే అరుస్తున్నాను లోపల."

వసికే కలానికి మూత పెట్టాడు. ఆకుపచ్చ చీటీ లోపల పెట్టి ఎర్రది తీశాడు. నసాంబు అతన్ని కూడా తిట్టుకుంది, అంత తొందరగా మాట విన్నందుకు.

తోట మొత్తం తవ్వడానికి ఆరు రోజులు పట్టింది. ఏడుస్తూ తవ్వింది, తిడుతూ తవ్వింది. గట్టు అవతల సితాటి కూడా వీపు ఇటు తిప్పి తన పొలం తవ్వుతూనే ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాడు. ఆరో రోజు సాయంత్రం ఆమె నెలిమాకు కబురు పెట్టింది. నైరోబీ పెదనాన్న కోసం ఇక చూసేది లేదు, ఊళ్ళో వెకులో తాత ఉన్నాడు చాలు, ఆదివారం గొర్రెను తెమ్మను.

ఆదివారం, ఖాళీ అయిన రెండు పొలాల మధ్య గట్టు మీద చాపలు పరిచారు. వెకులో తాత మజ్జిగ లాంటి కళ్ళతో కర్ర ఆనించి కూర్చున్నాడు. నసాంబు చేతిలో కొత్త దుప్పటి. సితాటి ఇస్త్రీ చొక్కాతో, తల వంచుకుని, గొర్రెను తాడుతో లాక్కుంటూ వచ్చాడు.

"ఇక మొహం ఎత్తండి. చేతులు కలపండి," అన్నాడు తాత.

సితాటి మొహం ఎత్తాడు. నాలుగేళ్ళలో మొదటిసారి నసాంబు అల్లుడి మొహం ఎదురుగా చూసింది. అనుకున్నదానికన్నా చిన్నవాడు, ఎడమ కనుబొమ్మ దగ్గర గాటు, కళ్ళ నిండా భయం. చెయ్యి చాపాడు. అందరూ ఆమె నోటి దీవెన కోసం చూస్తున్నారు. అప్పుడే ఆమె కళ్ళు గొర్రె మీద పడ్డాయి. అది ఏదో నములుతోంది. నోట్లోంచి వేలాడుతున్న చెరకు మొవ్వు, దాని మీద పాలిపోయిన చారలు, చారల మీద పేనుబంక.

"అల్లుడూ, ఆ ఆకు ఎక్కడిది?"

నాలుగేళ్ళ తర్వాత అతని మొహం మీద ఆమె అన్న మొదటి మాట అదే.

"దార్లో... చర్చి వెనక ఎవరిదో తోట, అత్తమ్మా. గొర్రెకి ఆకలేస్తోందేమోనని..."

నెలిమా మొహం దాచుకుంది. తాత ఏదో అనబోయాడు. నసాంబు దుప్పటి చాప మీద పడేసి, ఒక చేత్తో గొర్రె నోట్లోంచి ఆకు లాగేసి, రెండో చేత్తో సితాటి చాపిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతని బొటనవేలిని తెచ్చి ఆకు మీద చారల వెంట నొక్కి నడిపించింది, పిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు.

"ఇదిగో, ఇది. బాగా చూడు. ఇది తీపి కాదు, రోగం. ఈ పురుగు మోస్తుంది, మనమూ మోస్తాం. కనపడిందంటే నాకు చెప్పు, నేనూ నీకు చెబుతా, మొహం మీదే చెబుతా. అర్థమైందా?"

"అయింది, అత్తమ్మా."

"అయితే పద, ఆ చర్చి వెనక తోట చూపించు," అంది ఆమె, పట్టుకున్న చెయ్యి వదలకుండా.